కొట్టివేత పక్కన సంతకం

నాకు కోపం ఎక్కువ. ఇది ముందే చెప్పేస్తే తర్వాతి సంగతులు అర్థమవుతాయి. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ల్యాబులో తొమ్మిదేళ్ళు పనిచేసినప్పుడు ఆ కోపానికి విలువుండేది. తప్పుడు రీడింగు రాస్తే నేను ఊరుకోనని అందరికీ తెలుసు. ఆ తర్వాత రాయదుర్గంలో ఒక అద్దాల టవరు పద్నాలుగో అంతస్తులో ఆరేళ్ళు కూర్చున్నాను. అక్కడ అదే కోపానికి 'యాటిట్యూడ్ ప్రాబ్లం' అని పేరు పెట్టారు.

జీడిమెట్లలో నా చేతికింద ఒక మిషన్ ఉండేది. పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు నిలువుగా ఉండేది. ద్రవాన్ని గట్టి ఒత్తిడితో సన్నని గొట్టంలోంచి నెట్టి, ఒక మాత్రలో అసలు మందెంత, అక్కర్లేనిది ఎంత అని విడదీసి చెప్పేది. పక్క గదిలో టీ తాగుతున్నా దాని పంపు చప్పుడు మారితే నాకు తెలిసిపోయేది. కంపెనీవాళ్ళు ఆ ల్యాబును ఊరికి బాగా దూరం తీసుకుపోయినప్పుడు మా పాపకి మూడేళ్ళు. రోజుకు ఐదు గంటలు బస్సులో కూర్చోలేక మానేశాను. టవర్లో దొరికిన ఉద్యోగం బంధువులకు చెప్పుకోవడానికి బాగానే ఉండేది. ఎక్కడెక్కడి ల్యాబుల్లోనో ఎవరెవరో నడిపిన మిషన్ల రికార్డులు నా స్క్రీన్ మీదికి వచ్చేవి, వాటిలో తప్పులు పట్టడం నా పని. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఏ మిషన్‌నీ చేత్తో ముట్టుకోలేదు. వంట చేసేవాళ్ళని వంటగదిలోకి రానివ్వకుండా ఫొటోలు చూసి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పమన్నట్టు ఉండేది.

జీడిమెట్ల నుంచి నాతో వచ్చిన అలవాటు ఒకటుంది. అక్కడ చేరిన మొదటి రోజే మా సీనియరు నేర్పింది. రాసింది చెరపకూడదు. తప్పు రాస్తే దానిమీద ఒకే ఒక్క గీత కొట్టాలి, కింద ఏముందో కనబడాలి. పక్కన సరైనది రాసి, చిన్న సంతకం పెట్టి, తేదీ వెయ్యాలి. అంకె మీద అంకె దిద్దినా, వైట్‌నర్ పూసినా ఆ రోజే ఇంటికి పంపేస్తారు. ఎందుకంటే ఆ కాగితం అవతల మాత్ర మింగే మనిషి ఉంటాడు, మనం దాచిన తప్పు ఆయన కడుపులోకి పోతుంది. తొమ్మిదేళ్ళు అలా రాసీ రాసీ నా చెయ్యి ఇంక వేరేగా రాయడం మర్చిపోయింది. పాల క్యాలెండర్ మీదా అంతే, పాప స్కూలు డైరీలోనూ అంతే. ఒకసారి సరుకుల చీటీ చూసి మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మాది కడప వైపు, ఇద్దరికీ ఇంట్లో ఆ మాటే వస్తుంది.

"ఏంమే, కందిబేడలు కొట్టేసి దస్కత్తు గూడా పెట్టినావే! అంగడాయన కోర్టుకు పోతాడనా?"

"పోతే నువ్వే వచ్చి సాక్ష్యం చెప్పు" అన్నాను. ఆయనకు నవ్వులాటే గానీ నాకు ఆ చీటీ చూస్తే నవ్వు రాలేదు. చెయ్యి ఇంకా ల్యాబులోనే ఉంది, నేనే బయట ఉన్నాను.

మేము బాలానగర్ దగ్గర ఒక ఇంటి పైభాగంలో కిరాయికి ఉంటాం. కింద ఇంటి ఓనరు ఆంటీ ఉంటారు. ఏదో విశ్వవిద్యాలయంలో ముప్పయ్యేళ్ళు ఆఫీసు పని చేసి, సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఒక ఆదివారం పొద్దున మేడమీద బట్టలు ఆరేస్తూ నా గోడంతా ఆవిడ ముందు వెళ్ళబోసుకున్నాను. మందుల కంపెనీలన్నీ ఊరి బయటికి పోయాయి, మిషన్ దగ్గరికి పోవాలంటే ఇల్లు వదులుకోవాలి, ఇంతేనా నా బతుకు అన్నాను.

ఆంటీ తడి దుప్పటి దులిపి నావైపు చూశారు. "యూనివర్సిటీల ఎందుకు చూస్తలేవు?"

"నేను పాఠాలు చెప్పే చదువు చదవలేదాంటీ."

"ఓ పిచ్చిదానా! యూనివర్సిటీ అంటే పాఠాలు చెప్పేటోళ్ళే ఉంటరనుకుంటివా? లైబ్రరీల ఉంటరు, కంప్యూటర్ల కాడ ఉంటరు, దవాఖానల ఉంటరు, ల్యాబుల మిషన్లు నడిపేటోళ్ళు ఉంటరు. ఆళ్ళు లేకుంటే ఆ ప్రొఫెసర్లు ఏం రీసెర్చి చేస్తరు, సుద్దముక్క పట్టుకొని కూసుంటరా?"

నిజంగానే ఈ సంగతి నాకు తెలియదు. పదిహేనేళ్ళు ఇదే పనిలో ఉండి, చుట్టుపక్కల ఇన్ని విశ్వవిద్యాలయాలు పెట్టుకుని, వాటి గేట్ల ముందునుంచి క్యాబుల్లో పోతూ వస్తూ, లోపల నా మిషన్ లాంటివి ఉంటాయని, వాటికి మనిషి కావాలని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ రోజునుంచి పొద్దున కాఫీతోపాటు వెబ్‌సైట్లు చూడటం మొదలుపెట్టాను. అబ్బో, అదొక ప్రపంచం. మా ఐటీ కారిడార్‌లో ఉద్యోగం కావాలంటే ఫోన్లో ఒక్క నొక్కు నొక్కితే సరి. ఇక్కడ ప్రకటన ఎక్కడుందో వెతకడమే సగం ఉద్యోగం. 'రిక్రూట్‌మెంట్' అని ఉన్నచోట పాతవి ఉంటాయి, 'నోటీసులు' అన్నచోట కొత్తవి ఉంటాయి. ఒక ల్యాబు ఉద్యోగం నాకు జనరేటర్ కొనుగోలు టెండర్ల మధ్య దొరికింది. కాగితాన్ని వంకరగా స్కాన్ చేసి పెడతారు, మెడ వంచి చదువుకోవాలి. చదివి అర్థం చేసుకునేలోపు దానికో సవరణ, ఆ సవరణకు ఇంకో సవరణ వస్తాయి. నెమ్మదిగా తేడాలు తెలిశాయి. ప్రాజెక్టు ఉద్యోగమంటే ఆ ప్రొఫెసరు ప్రాజెక్టు ఉన్నంతకాలమే. శాశ్వత ఉద్యోగమంటే పదవీ విరమణ దాకా. రెండోది ఎప్పుడో తప్ప పడదు.

మా ఆయన ఐటీ మనిషి. "నాకొదిలెయ్‌మే, రెండు పేజీల రెజ్యూమె తయారుచేస్తా, చూసినోళ్ళకు కళ్ళు తిరగాల" అన్నాడు. చేశాడు కూడా. నీలిరంగు అంచు, మూలన నా ఫొటో. 'డైనమిక్', 'ఫలితాల పట్ల తపన', 'టీమును నడిపించే నేర్పు' అని అందులో ఎవరో నాకు తెలియని ఆడమనిషి ఉంది. పద్నాలుగుమంది ప్రొఫెసర్లకు మెయిల్లో పంపాం. ఒక్కరూ పలకలేదు.

తర్వాత ఒకచోట ప్రాజెక్టు ఉద్యోగానికి నేరుగా రమ్మన్నారు. ఆఫీసుకు సెలవు పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళాను. బల్ల దగ్గర కూర్చున్నాయన పదో తరగతి నుంచి అసలు సర్టిఫికెట్లు చూపించమన్నాడు. నేను ఠీవిగా సర్టిఫికెట్ల ఫొటోలున్న ఫోన్ తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన ఆ ఫోన్‌కేసి చూసి, నాకేసి చూసి, తర్వాతి నంబరు పిలిచాడు. నా వెనక వరసలో ఉన్నవాళ్ళందరి చేతుల్లోనూ ఉబ్బిన ఫైళ్ళున్నాయి. టవర్లలో ఆరేళ్ళు బతికి కాగితం అనే వస్తువునే మర్చిపోయాను నేను.

ఇంటికొచ్చి రెజ్యూమె ఆంటీకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నాలుగు లైన్లు చదివారు.

"ఏందిది? సబ్బు అమ్ముతున్నవా?"

మా ఆయన మొహం మాడిపోయింది. ఆంటీ పట్టించుకోలేదు. "నీ గుణగణాలు ఎవ్వరికి గావాలె బిడ్డా? ప్రకటనల ఏం అడిగిన్రో చూడాలె. ఏ చదువు, ఏ మిషన్, ఎన్నేండ్లు. నీ తాన ఉన్నదా, దానికి కాగితం ఉన్నదా. గంతే. ఆళ్ళు అడిగిన వరసల, ఆళ్ళు అడిగిన మాటతోనే రాయాలె. ఫారం చూసేటోనికి వెతికే పని పెట్టినవనుకో, వాడు నిన్ను పక్కకు పెడతడు."

ఆ మాట విన్న మూడు నెలలకు అసలు ప్రకటన పడింది. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను, ఇప్పుడు నేను జీతం తీసుకునేది అక్కడే. పరిశోధన పరికరాలన్నీ ఒకేచోట ఉండే కేంద్రంలో టెక్నికల్ ఆఫీసరు పోస్టు. శాశ్వత ఉద్యోగం. నేను తొమ్మిదేళ్ళు నడిపిన మిషన్ పేరు పెట్టి మరీ అడిగారు. పోస్టులు: ఒకటి. వయసు: దరఖాస్తుకు చివరి రోజు నాటికి నలభై నిండి ఉండకూడదు.

ఆ చివరి రోజు తర్వాత సరిగ్గా పదకొండో రోజు నాకు నలభై నిండుతుంది. ఆంటీ వేళ్ళమీద లెక్కపెట్టి చూశారు. నేనూ లెక్కపెట్టాను. ఇద్దరికీ పదకొండే వచ్చింది.

"ఇది పోతే ఇగ మళ్ళ లేదు బిడ్డా" అన్నారాంటీ. నవ్వకుండా అన్నారు.

ఇంకేముంది, మా ఇంటి డైనింగ్ టేబులు ఆంటీ సెక్షనయిపోయింది. ఫారం పన్నెండు పేజీలు, పెన్నుతో నింపాలి. అన్ని సర్టిఫికెట్లకూ నకళ్ళు, ప్రతి నకలు మీదా నా సంతకం, ప్రతి పేజీకీ నంబరు, ముందు ఒక విషయసూచిక, మొత్తాన్నీ కుట్టడానికి ఆఫీసుల్లో వాడే పచ్చ ట్యాగు దారం. జీడిమెట్ల అనుభవ పత్రంలో నేను నడిపిన మిషన్ పేరు లేదని ఆంటీ పట్టుకున్నారు. ఊరి బయట ఉన్న కొత్త ఫ్యాక్టరీదాకా వెళ్ళి, పాత మేనేజరును బతిమాలి రాయించుకొచ్చాను. నాకు బతిమాలడం రాదు. ఆ రోజు వచ్చింది.

చివరి రోజుకు ఐదు రోజుల ముందే స్పీడ్ పోస్టులో పంపేశాను. రసీదు పట్టుకుని నేరుగా ఆంటీ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చాయ్ పెట్టారు. అన్నీ బాగా కుదిరాయని చెబుతూ చెబుతూ, గొప్పగానే చెప్పాను, ఏడో పేజీలో అనుభవం గడిలో మానేసిన నెల ఒకటి తప్పు పడితే నీటుగా గీత కొట్టి, సరైనది రాసి, సంతకం పెట్టి తేదీ కూడా వేశానని.

ఆంటీ చేతిలో కప్పు ఆగిపోయింది. "కొట్టేసినవా? ఫారంలనా?"

"ఒక్క గీతే ఆంటీ. సంతకం పెట్టాను కదా."

"అయ్యో, ఎంత పని జేస్తివే! కొత్త పేజీ తీసి రాసుకుంటే అయిపోవు గదనే! కొట్టివేతలున్న ఫారం ముందుగాల్నే పక్కకు పడేస్తరు. ముప్పయ్యేండ్లు నేను జేసిందదే!" ఆవిడ తల పట్టుకున్నారు.

ఇంకోటి పంపుదామంటే, ఒకరివి రెండు దరఖాస్తులొస్తే రెండూ తీసేస్తారన్నారు. గీత కొట్టడం తప్పని నాకు తట్టనే లేదు. ఇంకెవరైనా అయితే ఆ పేజీ చించి ఇంకోటి ప్రింటు తీసుకునేవాళ్ళు. తప్పు రాసిన పేజీని చించి పారెయ్యడం మా పనిలో అన్నిటికంటే పెద్ద దొంగతనం, నా చెయ్యి దానికి ఒప్పుకోదు. తొమ్మిదేళ్ళు నన్ను నిలబెట్టిన అలవాటే ఇప్పుడు కొంప ముంచింది.

పదకొండో రోజున నాకు నలభై నిండింది. మా ఆయన కేకు తెచ్చాడు, దానిమీద పెద్ద అక్షరాల్లో నలభై అని రాయించాడు. కత్తితో ముందు ఆ నలభై మీదే ఒక అడ్డగీత గీశాను. "దస్కత్తు పెట్టవా?" అన్నాడు. ఇద్దరం నవ్వాం గానీ, నా ముక్క పాపకి ఇచ్చేశాను.

నెలన్నర తర్వాత జాబితా వచ్చింది. ఆఫీసులో కాఫీ మిషన్ దగ్గర నిలబడి ఫోన్లో తెరిచాను. అర్హుల జాబితాలో నా నంబరు లేదు. రెండోసారి చూశాను, లేదు. కింద అనర్హుల జాబితాలో ఉంది. కారణం అన్న గడిలో 'దరఖాస్తులో దిద్దుబాట్లు' అని ఉంది. అద్దంలోంచి చూస్తే కింద మెట్రో రైలు స్టేషన్లోకి వస్తోంది, దాన్నే చూస్తూ నిలబడ్డాను. తర్వాత వాష్‌రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఎప్పుడో గానీ ఏడవను, ఆ రోజు ముక్కు ఎర్రబడేదాకా ఏడ్చాను. అక్కణ్ణుంచే ఆంటీకి ఫోన్ చేశాను.

"అభ్యంతరాలకు ఎన్ని దినాలిచ్చిన్రు?" అన్నారామె. నేను ఏడుస్తున్నానని ఆవిడకు పట్టనే లేదు.

"ఐదు."

"ఏడిస్తే ఐదు నాలుగైతది. మూతి కడుక్కొని ఇంటికి రా. వచ్చేటప్పుడు ప్రకటన మొత్తం ప్రింటు దియ్యి. వెనక సూచనలు ఉంటయి చూడు, అవి గూడ."

ఆ సూచనలు తొమ్మిది పేజీలు. నేను ఒకసారి చదివాను, నిజం చెప్పాలంటే చూశాను, అంతే. ఆంటీ స్కేలు పెట్టుకుని ఒక్కో వరసా చదివారు. తొమ్మిదో పేజీ దగ్గర స్కేలు ఆగింది. "ఇగో!" అని అరిచారు. 'అభ్యర్థి సంతకంతో ధ్రువీకరించని దిద్దుబాట్లు గల దరఖాస్తులు తిరస్కరించబడును' అని ఉందక్కడ. సంతకం లేకపోతేనే తీసెయ్యాలి. నాది ఉంది. సంతకమే కాదు, తేదీతో సహా ఉంది.

నేను ఎగిరి గంతేశాను. ఆంటీ మాత్రం స్కేలు పట్టుకుని అలాగే కూర్చున్నారు. చిన్నగా అన్నారు. "నేను గూడ గీత కనవడితే పక్కకు పెట్టిన బిడ్డా. పక్కన సంతకం ఉన్నదో లేదో చూసిన్నో, లేదో. ఎంతమందివి పెట్టిన్నో." ఆవిడ పక్కన కూర్చున్నాను.

మర్నాడు ఇద్దరం విశ్వవిద్యాలయానికి వెళ్ళాం. నియామకాల సెక్షన్ ఆఫీసరు గోదావరి వైపు మనిషి, చాలా మర్యాదస్తుడు. ఆ మర్యాదతోనే నాకు బీపీ తెప్పించాడు.

"రూలండి. కొట్టివేతలుంటే తీసుకోమండి. మా చేతుల్లో ఏమీ లేదండి."

"ఫారం తీసి చూడండి సార్" అన్నాను.

"చూసే రాశామండి."

"చూస్తే ఇలా ఎందుకు రాస్తారు? మీరు గీత చూశారు. గీత పక్కన సంతకం పెట్టిన మనిషిని చూశారా?" గొంతు లేచింది. చుట్టూ ఉన్న నాలుగు బల్లల వాళ్ళు తలెత్తారు. ఆంటీ బల్ల కిందనుంచి నా తొడ గిల్లారు, ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది. తర్వాత ఆవిడ తొమ్మిదో పేజీ ఆయన ముందు పెట్టి, ఎర్ర గీత గీసిన వాక్యం మీద వేలుంచారు.

"సార్, నేను గూడ ముప్పయ్యేండ్లు గీ కుర్సీలనే కూసున్న. గీత జూడంగనే చెయ్యి దానంతటదే పక్కకు పెడతది. నాకు దెలుసు. జర ఆ ఏడో పేజీ ఒక్కసారి తియ్యున్రి."

ఆయన బీరువా తెరిచి నా ఫైలు తీశాడు. ఏడో పేజీ తెరిచాడు. కొట్టేసిన నెల కింద స్పష్టంగా కనబడుతోంది. సరైన నెల పక్కన ఉంది. చిన్న సంతకం, దాని కింద తేదీ. అనుభవ పత్రంతో సరిచూశాడు, సరిపోయింది.

"మీది ఏం పని అండి?" అన్నాడు చివరికి.

చెప్పాను. ఆయన నా అర్జీ తీసుకుని, తేదీ ముద్ర వేసి, ఒక నకలు నాకిచ్చాడు. వారం తర్వాత సవరించిన జాబితా వచ్చింది. అర్హులు తొమ్మిది మంది, చివరి నంబరు నాది. ఆంటీ కింది నుంచి మెట్లెక్కి వచ్చి మరీ నా నోట్లో లడ్డూ కుక్కారు.

ఇంక మిగిలింది పరీక్ష. రోజుకు ముగ్గురి చొప్పున మూడు రోజులు మిషన్ దగ్గర పని, నాలుగో రోజు ఇంటర్వ్యూ. ఆరేళ్ళ తర్వాత ల్యాబు గదిలో అడుగు పెడితే ఆ మందుల వాసనకి కళ్ళు చెమర్చాయి. ఒక్కొక్కరికి రెండు గంటలు, అందరికీ అదే మిషన్, అదే నమూనా. అందులో మందు ఎంతుందో చెప్పాలి. నా వంతు ఆఖరున. పర్యవేక్షణకు ఒక పరిశోధక విద్యార్థిని కూర్చుంది.

మా పనిలో ముందు చేసేది మిషన్‌ని నమ్మవచ్చో లేదో చూసుకోవడం. తెలిసిన ద్రావణాన్నే ఐదుసార్లు ఎక్కించాలి, ఐదుసార్లూ దాదాపు ఒకే అంకె రావాలి. వస్తేనే తెలియని నమూనా జోలికి పోవాలి. నేను ఎక్కించాను. మొదటి రెండూ సరే. మూడోది కిందికి పోయింది, నాలుగోది పైకి వచ్చింది. మళ్ళీ మొదటినుంచి చేశాను, అదే తంతు. పంపు చప్పుడులో ఏదో తేడా. ఒత్తిడి చూపించే అంకె నిలకడగా లేదు. ఒక టిష్యూ కాగితం తీసి పంపు కింద గొట్టం బిగించిన చోట అద్దాను. తడి తగిలింది.

"కారుతోందమ్మా. ఆపి బిగించాలి" అన్నాను ఆ అమ్మాయితో.

"క్యాండిడేట్లు మిషన్ విప్పకూడదు మేడం. వచ్చింది రాసెయ్యండి, అందరూ రాశారు" అంది పాపం.

అందరూ రాశారు. ఆ పది అంకెల్లోంచి బాగున్నవి రెండు ఏరుకుని లెక్క కట్టడం నాకు రాక కాదు. ఇంకా గంట ఉంది. అంకె రాస్తే పోటీలో ఉంటాను. రాయకపోతే ఖాళీ కాగితం ఇచ్చి, రాయదుర్గం టవర్లోకి తిరిగి వెళ్ళి, వేరేవాళ్ళ అంకెలు చూసుకుంటూ రిటైరవ్వాలి. నిజంగానే చేతిలో కాలిక్యులేటర్ తీసుకున్నాను. మొదటి అంకె కాగితం మీద రాశాను కూడా. రాసి దానికేసి చూశాను. టవర్లో ఆరేళ్ళు ఇలాంటి అంకెలే కదా పట్టుకుంది నేను, వాటిని రాసినవాళ్ళని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో.

ఆ అంకె మీద ఒక్క గీత కొట్టాను. పక్కన సంతకం పెట్టాను, తేదీ వేశాను. కింద రాశాను: 'తెలిసిన ద్రావణం పదిసార్లు ఎక్కించాను, అంకెలు కలవలేదు. పదీ జతచేశాను. పంపు దగ్గర కారుతోంది, టిష్యూ తడిసింది. ఈ స్థితిలో నమూనా ఫలితం ఇవ్వలేను.' తడి ఆరిపోయిన టిష్యూ కూడా కాగితానికి పిన్ను చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఎవరైనా పరీక్ష కాగితానికి టిష్యూ పిన్ను చేస్తారా.

ఇంటికి వెళ్ళి మా ఆయనతో చెప్పాను. "నువ్వు ఇంకోమాదిరి రాసుంటే నేను నమ్మేవాణ్ణి కాదులేమే" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అన్న మాటల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

మర్నాడు ఇంటర్వ్యూలో ఐదుగురు కూర్చున్నారు. మధ్యలో ఆ పరికరాల కేంద్రం అధిపతి, నెరిసిన జుట్టు, నూలు చీర. ఆవిడ ముందు నా కాగితం, దానికి పిన్ను చేసిన టిష్యూ ఉన్నాయి.

"ఎనిమిది మంది ఫలితం ఇచ్చారు. మీరొక్కరే ఇవ్వలేదు. ఎందుకని?"

"ఇవ్వడానికి ఫలితం లేదు మేడం."

"ఏదో ఒకటి రాయవచ్చుగా. ఉద్యోగం పోతుందని భయం వెయ్యలేదా?"

"వేసింది మేడం. ఒక అంకె రాశాను కూడా. దాన్ని కొట్టేశాను. కింద కనబడుతూనే ఉంది."

ఆవిడ కాగితం కళ్ళ దగ్గరికి తీసుకుని చూశారు. తర్వాత పక్కనున్న నా దరఖాస్తు తెరిచి ఏడో పేజీ బయటికి తీశారు. రెండూ పక్కపక్కన పెట్టి, మిగతా నలుగురి వైపు జరిపారు. రెండు గీతలు, రెండు సంతకాలు, రెండు తేదీలు.

"నిన్న మీరు వెళ్ళాక నేనే వెళ్ళి చూశాను" అన్నారు. "పంపు సీలు అరిగిపోయింది. ఎన్నాళ్ళుగా కారుతోందో మాకే తెలీదు. మా విద్యార్థులు దానిమీద నెలరోజులుగా పనిచేస్తున్నారు. ఆ ఫలితాలన్నీ ఇప్పుడు మళ్ళీ చేయించాలి."

"నేను చేసిపెడతాను మేడం" అనేశాను. ఇంకా ఉద్యోగం ఇవ్వలేదన్న సంగతి అన్నాక గుర్తొచ్చింది. ఐదుగురూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గు పడుతూనే.

ఫలితాల జాబితాలో ఒక్కటే నంబరు ఉంది. అది నాది. మా ఆయన ఫోన్లో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూశాడు. కింది మెట్ల దగ్గర నిలబడి "ఆంటీ!" అని నేను పెట్టిన కేకకి ఎదురింటివాళ్ళు కూడా బయటికొచ్చారు. ఆంటీ నా రెండు చేతులూ పట్టుకుని ఊపారు. "చూసినవా! గీత కొట్టి గెలిచినవే!" అన్నారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నా సంగతి చెప్పక్కర్లేదు. పద్నాలుగో అంతస్తులో రాజీనామా ఇచ్చిన రోజు లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాను, పద్నాలుగు అంతస్తులూ.

చేరే రోజున ఆంటీని కూడా వెంట తీసుకెళ్ళాను. అదే సెక్షన్, అదే మర్యాదస్తుడైన ఆఫీసరు. లేచి నిలబడి ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. నియామకపు ఉత్తర్వు నా చేతికిచ్చి, చదువుకుని సంతకం పెట్టమన్నాడు. చదివాను. పేరు నాదే, జీతం సరే, పోస్టు సరే. కానీ పనిచేసే చోటు 'కేంద్ర గ్రంథాలయం' అని ఉంది. నాకంటే ముందు ఎవరో లైబ్రరీ మనిషికి ఇచ్చిన ఉత్తర్వును మార్చి టైపు చేశారు, ఆ ఒక్క ముక్కా మార్చడం మర్చిపోయారు.

"సార్, నన్ను పుస్తకాల్లోకి పంపిస్తున్నారు" అన్నాను.

ఆయన కాగితం తీసుకుని చూసి నాలిక కరుచుకున్నాడు. "అయ్యయ్యో, క్షమించాలండి. ఒక్క నిమిషమండి." సొరుగు లాగి వైట్‌నర్ సీసా తీశాడు. మూత తిప్పబోయి నా మొహం చూశాడు. ఆంటీ మొహం కూడా చూశాడు.

సీసా సొరుగులో పెట్టేసి సొరుగు మూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు. 'కేంద్ర గ్రంథాలయం' మీద ఒకే ఒక్క గీత, కింద ఉన్నది కనబడేలా, స్కేలు పెట్టి మరీ గీశాడు. పక్కన 'పరికరాల కేంద్రం' అని రాశాడు. చిన్న సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. ఆఫీసు ముద్ర కూడా గుద్దాడు.

"సరిపోయిందా అండి?" అన్నాడు.

"సరిపోయింది సార్" అన్నాను. కింద నా సంతకం పెట్టి, నా తేదీ వేసి, మిషన్ దగ్గరికి వెళ్ళాను.